ఎండిన మట్టికి చేపల లైసెన్సు

ముప్పై ఏళ్ళకు పైగా చేపల శాఖలో పనిచేశాను. నాకు ఈత రాదు. నవ్వకండి. మీ పై అధికారికి వచ్చేమో అడిగి చూడండి. నేను చూసిన పెద్ద సార్లలో నీళ్ళలోకి దిగినవాడు ఒక్కడే, అదీ కాలు జారి.

ఈ మధ్య మిర్యాలగూడలో మా ఇంటికి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు వచ్చారు. ఫిషరీస్ డిగ్రీలు చదివినవాళ్ళు. "సార్, లైసెన్సుల పని ఎట్లా ఉంటుందో మీ అనుభవంతో చెప్పండి" అన్నారు. టీ ఇచ్చి, నిజాయితీ, సేవ, ఓపిక అంటూ నాలుగు మంచి మాటలు చెప్పి పంపాను. వాళ్ళు నోట్‌బుక్కులో రాసుకున్నారు కూడా. వాళ్ళు వెళ్ళాక నాకే సిగ్గేసింది. అందుకే ఆ నోట్‌బుక్కులో రాయాల్సినవి ఇక్కడ రాస్తున్నాను.

మన పని

చెరువైనా ప్రాజెక్టు నీళ్ళైనా, వల వేసి చేపలు పట్టి అమ్ముకునేవాళ్ళకు మనం ఒక కాగితం ఇస్తాం. ఎవరు పట్టాలి, ఏ నీళ్ళలో పట్టాలి, ఏ వలతో పట్టాలి, చేపలు గుడ్లు పెట్టే ఏ నెలల్లో పట్టకూడదు. ఆ కాగితం మీద ఉండేది ఇంతే. ఈ నాలుగు ముక్కలు రాయడానికి మనకు జీపు, కుర్చీ, ఫ్యాను, చివర్న పింఛను. నీళ్ళ మీద బతికేవాళ్ళకు ఆ కాగితమే కూడు. మనకు ఇది తెలియదని కాదు, తెలిసినా గుర్తుండదు.

చదువుకుని వస్తాం కాబట్టి మనకు అన్నీ తెలుసనుకుంటాం. నేను చేరిన కొత్తలో పెన్‌పహాడ్ దగ్గర ఒక చెరువుకు టేపు పట్టుకుని పోయాను. వల కన్ను మరీ చిన్నదైతే పిల్ల చేపలు కూడా చిక్కుతాయి, అందుకని కన్నుకు ఇంత కొలత ఉండాలని రూలు. ఒక ముసలాయన వల తీసుకుని ఒక కన్ను పక్కన టేపు పెట్టి, కొలత తక్కువుందని కేసు రాయడం మొదలుపెట్టాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"సారు, గట్ల గాదు. గుంజి కొలువున్రి. ముడి కాడికెల్లి ముడి దాంక గుంజాలె."

"ఎవరు చెప్పారు నీకు?"

"మీ ముందల వచ్చిన సారు చెప్పిండు. ఆయనకు మా నాయిన చెప్పిండు."

గుంజి కొలిస్తే సరిపోయింది. రూలు పుస్తకంలో కూడా గుంజి కొలవాలనే ఉంది. నేను చదివానుగానీ ఒక్కసారి కూడా చేత్తో గుంజి చూడలేదు. రాసిన పేజీ చింపేశాను. చుట్టూ ఉన్న పది మందీ నవ్వు ఆపుకోవడానికి పడుతున్న తిప్పలు చూసి చెవులు మండిపోయాయి. అప్పుడు నాకు కోపం వచ్చింది ఆ ముసలాయన మీద. నా మీద రావాల్సింది కదా, రాలేదు. మన ఉద్యోగంలో కోపం ఎప్పుడూ కిందికే పారుతుంది.

పెద్దలూ ఫోటోలూ

చేపపిల్లలను పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వదలాలి. సంచిని కాసేపు చెరువు నీళ్ళలో తేలనిచ్చి, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వెచ్చదనానికి వచ్చాక మూతి విప్పాలి. ఇది మన చదువులో మొదటి పాఠం. పెద్దలు వచ్చేది మిట్టమధ్యాహ్నం. మోతె దగ్గర ఒక చెరువు కట్ట మీద సంచులు ఎండలో ఉడికిపోతుంటే నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. సంచుల మీద అనుకునేరు, అతిథి మీద. ఆయన వచ్చి, సంచి మూతి విప్పి, వాకిట్లో కళ్ళాపి చల్లినట్టు కుమ్మరించి, కెమెరాకు నవ్వి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి చేపపిల్లలు పొట్టలు తిప్పి తెల్లగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. నా ముఖం పడలేదు, గొడుగు పడింది.

"సార్, పొద్దున్నే పెట్టుకుందాం" అని నేను అనలేదా అని మీరు అడగవచ్చు. అనలేదు. అనేవాడు ఒకాయన ఉండేవాడు మా శాఖలో, ఎప్పుడూ ఏదో ఒక మూలకు బదిలీ అయ్యేవాడు. మేమంతా ఆయనను మంచోడు పాపం అనేవాళ్ళం. ఆ పాపం అన్న మాటలో మేము ఆయన కంటే తెలివైనవాళ్ళమన్న గర్వం ఉండేది.

నేను గీసిన గీత

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది నా సర్వీసు చివరి రోజుల్లో జరిగింది, కాబట్టి చిన్నతనం, అనుభవం లేదు అని తప్పించుకోవడానికి కూడా లేదు.

కోదాడ అవతల ఒక జలాశయం ఉంది. పేరు రాయను. దాని ఒడ్డున రెండు ఊళ్ళు. వాటి పేర్లు మార్చి రాస్తున్నాను. కట్ట దగ్గర, లోతు నీళ్ళ వైపు నర్సమ్మగూడెం. ఎగువన, లోతు తక్కువున్న వైపు తాళ్ళపాడు. రెండు ఊళ్ళలోనూ చేపలు పట్టేవాళ్ళ సంఘాలున్నాయి.

మా పెద్ద సారు ఏదో పట్నంలో మూడు రోజుల ట్రైనింగుకు వెళ్ళొచ్చాడు. అక్కడ ఆయనకు ఒక సంచి, ఒక పెన్ను, ఒక మాట ఇచ్చారు. సంచి ఇంట్లో ఇచ్చాడు, పెన్ను పారేసుకున్నాడు, మాట తెచ్చి మా నెత్తిన పెట్టాడు. ఆ మాట 'మేనేజ్‌మెంట్ ఏరియా'.

"నీళ్ళను ఏరియాలుగా విడగొట్టండి. ఎవరి ఏరియా వాళ్ళదే. లైసెన్సు మీద ఏరియా నంబరు వెయ్యండి. ఆ గీత దాటితే జప్తు" అన్నాడు.

న్యాయంగా చెప్పాలంటే ఆ ఆలోచనలో తప్పు లేదు. నీళ్ళు తెలిసినవాడు గీస్తే పనికొచ్చేదే. గీసింది నేను. సూర్యాపేట ఆఫీసులో, భోజనం చేసి వచ్చి, ఫ్యాను కింద మ్యాప్ పరిచి, స్కేలు ఆనించి ఒక్క గీత గీశాను. కట్ట వైపు ఏరియా ఒకటి, ఎగువ వైపు ఏరియా రెండు. లెక్క చూస్తే అటూ ఇటూ సమానంగా వచ్చింది. ఆ మ్యాప్ జలాశయం నిండుగా ఉన్నప్పటిది. నేను ఆ నీళ్ళు చూసిందీ ఒక్కసారే, వానాకాలంలో, గేట్ల మీద నిలబడి. పెద్ద సారు మ్యాప్ చూసి "బ్యూటిఫుల్" అన్నాడు. నేను గంగిరెద్దులా తల ఊపాను.

ఆ రెండు ఊళ్ళవాళ్ళకూ అప్పటికే ఒక పద్ధతి ఉంది. నేను అడగలేదు కాబట్టి నాకు తెలియదు. కొత్త నీళ్ళు వచ్చాక రెండు ఊళ్ళవాళ్ళూ ఒకచోట కూర్చుని చీట్లు వేసి, ఎవరు ఎక్కడ వల వెయ్యాలో పంచుకుంటారు. జలాశయం కింద ఒక పాత ఊరు మునిగిపోయి ఉంది. వీళ్ళ హద్దులన్నీ ఆ ఊరివే. పటేలు బావి నుంచి బడి గోడ దాకా ఒకరిది, బడి గోడ నుంచి తాటితోపు దాకా ఇంకొకరిది. పైన ఉత్త నీళ్ళే కనపడతాయి, అయినా ఒక్కరూ హద్దు తప్పరు. ఎండాకాలం నీళ్ళు తగ్గి, మునిగిన తాటిచెట్ల మొద్దులు బయటపడిన రోజు ఆ పంపకాలు రద్దు. అప్పుడు మిగిలేది కట్ట దగ్గర పాత వాగు మడుగు ఒక్కటే. అందులో రెండు ఊళ్ళూ రోజు విడిచి రోజు వంతులు వేసుకుంటాయి. నిండు నీళ్ళలో చేప చెల్లాచెదురుగా తిరుగుతుంది, నీళ్ళు తగ్గాకే వలకు బాగా చిక్కుతుంది. అంటే వాళ్ళ ఏడాది బతుకంతా ఎండాకాలం రెండు నెలల వంతుల్లోనే ఉంటుంది.

లైసెన్సులు ఇచ్చే రోజు ఈ సంగతి నాకు చెప్పబోయిన మనిషి ఒకామె ఉంది. సైదమ్మ, తాళ్ళపాడు. మొగుడు లింగయ్యకు ఒక చెయ్యి పడిపోయింది. ఉన్న చేత్తో ఆయన థర్మకోల్ తెప్ప నడిపితే, ఆమె వల వేసి తీసేది. లైసెన్సు తన పేరు మీదే కావాలని పట్టుబట్టి తీసుకున్న మొదటి ఆడమనిషి ఆమే. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది.

"సారు, మొద్దులు కనపడ్డంక ఎట్ల? ఎండకాలం మాటేంది?"

"ఎండాకాలానికి వేరే రూలేమీ లేదమ్మా. గీత అంటే గీతే" అన్నాను.

మొద్దులంటే ఏమిటని కూడా అడగలేదు. ఆమె వెనక ఇంకా పెద్ద లైను ఉంది, భోజనం టైమవుతోంది.

జప్తు

ఎండాకాలం వచ్చింది. నీళ్ళు తగ్గి మడుగుకు చేరాయి. ఆ మడుగు మొత్తం నా గీతకు ఇవతల, ఏరియా ఒకటిలో పడింది. తాళ్ళపాడు వాళ్ళ ఏరియా రెండులో చెంబుడు నీళ్ళు లేవు.

మామూలుగా అయితే వంతులు వేసుకునేవాళ్ళు. కానీ నర్సమ్మగూడెం చేపలన్నీ కోదాడ సేటు ఒకడు కొంటాడు. వాడికి మడుగులో ఇంకో ఊరి వల పడటం ఇష్టం లేదు. ఇన్నేళ్ళూ ఆపడానికి వాడి దగ్గర ఏ సాకూ లేదు. ఇప్పుడు నేను చేతికిచ్చాను, ముద్ర వేసి మరీ. వాడు పెద్ద సారుకు ఫోన్ చేశాడు, పెద్ద సారు నాకు చేశాడు. నేను తెల్లారేసరికి జీపులో మడుగు ఒడ్డున దిగాను.

నర్సమ్మగూడెం సంఘం పెద్ద వెంకన్న తల వంచుకుని నిలబడ్డాడు.

"మాకేం లొల్లి లేదు సారు. ఆళ్ళు మేము ఎప్పటికెల్లో వంతులేసుకుంటున్నం. మీరు గీత గీసి పోయిన్రు, సేటు గా గీత పట్టుకోని కూసున్నడు."

సేటు పక్కనే ఉన్నాడు. "ఏంటయ్యా వెంకన్నా అలా మాట్లాడతావ్? గవర్నమెంటు కాగితం ఉందిగా. సారు రూలు ప్రకారం చేస్తారు. ఏంటి సార్, అంతేగా?" అన్నాడు.

వాడి లారీలో కప్పిన టార్పాలిన్ పట్టా కింద ఏముందో నాకు తెలుసు. అలివి వల. దోమతెరంత సన్నని కన్నుతో మడుగును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఊడ్చేసే వల. అది పడితే గుడ్డూ పిల్లా ఏదీ మిగలదు. ఏ ఏరియాలోనైనా దానికి నిషేధమే. పట్టా అంచు కింద నుంచి దాని తాడు వేలాడుతోంది. నేను లారీకి వీపు తిప్పి నిలబడ్డాను.

సైదమ్మ తెప్ప ఒడ్డుకు వచ్చింది. వల గుంజి కొలిచాను. కన్ను రూలుకు మించే ఉంది, పడ్డవన్నీ పెద్ద చేపలే.

"ఇది ఏరియా ఒకటి అమ్మా. నీ లైసెన్సు ఏరియా రెండుకు."

"ఏరియా రెండుల నీళ్ళు యాడున్నయి సారు?"

"అది వేరే విషయం."

"అయ్యో, నీళ్ళు వేరే విషయమెట్లయితది? చేపలు పట్టనీకెనే గదా కాయితమిచ్చిన్రు?"

జవాబు లేనప్పుడు మనం ఏం చేస్తామో మీరూ నేర్చుకుంటారు, రసీదు పుస్తకం తీస్తాం. వలలు జప్తు, తెప్ప జప్తు, లైసెన్సు రద్దుకు సిఫారసు. లింగయ్య తెప్ప తాడును మంచి చేత్తో గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. ఆ వేళ్ళు ఒక్కొక్కటీ నేనే విడదీశాను. ఆయన బలం చెయ్యలేదు. చేసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

ఫోటోలు మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెడితే పెద్ద సారు నుంచి బొటనవేలి బొమ్మ వచ్చింది.

ఎయ్యి సారు, సూస్త

ఆ తర్వాతి సోమవారం సైదమ్మ రెండు బస్సులు మారి సూర్యాపేటలో మా ఆఫీసుకు వచ్చి వరండాలో కూర్చుంది. ఫిర్యాదులు తీసుకునే రోజు కదా, వచ్చేపోయే జనమంతా చూస్తున్నారు. లోపలికి పిలిచాను.

"నన్నేం అనకున్రి సారు. ఒకపాలి వచ్చి మా ఏరియా సూడున్రి. అంతే. మల్ల రాను."

ఆమెను వరండాలోంచి కదిలించడానికి ఒప్పుకున్నాను, జాలితో కాదు. మర్నాడే వెళ్ళాను. జీపు ఏరియా రెండు మధ్యలో ఆగింది. అవును, మధ్యలో. జీపు పోయేంత గట్టి నేల. మట్టి నెర్రెలు బారి పెంకుల్లా లేచి ఉంది. పెద్దవూర వైపు నుంచి వచ్చిన గొర్రెల మంద అక్కడ పచ్చిక ఏరుకుంటోంది. కాపరి కర్ర మీద గడ్డం ఆనించి మమ్మల్ని చూస్తున్నాడు.

సైదమ్మ పొరుగువాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన వల ఒకటి సంచిలోంచి తీసి నా చేతుల్లో పెట్టింది.

"గిది నీ ఏరియా. గిది వల. గిది నువ్విచ్చిన కాయితం. ఎట్లెయ్యాల్నో ఎయ్యి సారు, సూస్త."

వల పట్టుకుని నిలబడ్డాను. అది బరువుగా ఉంటుందని నాకు ఆ రోజు తెలిసింది. ముప్పై ఏళ్ళలో వలలు కొలిచాను, జప్తు చేశాను, లెక్క రాశాను. ఒక్కసారి కూడా మొత్తం వల రెండు చేతుల్లోకి తీసుకోలేదు.

కాపరి ఉండబట్టలేక అన్నాడు, "జర సూసి ఎయ్యున్రి సారు, గొర్లు పడతయి."

వాడు నవ్వాడు, డ్రైవరు ముఖం తిప్పుకుని నవ్వాడు. సైదమ్మ నవ్వలేదు. వల నా చేతుల్లోంచి తీసుకుని మడత పెడుతూ అంది.

"మిరుగం లోపల్నన్న నా వలలు ఇయ్యి సారు. మిరుగంనాడు చేప తినని ఇల్లుండదు. గా దినం పోతే ఇగ ఈ ఏడు మాకు ఖతమే. ఆయినె మందులు గూడ దానిమీదనే."

మృగశిర కార్తె మొదలయ్యే రోజు మన దగ్గర చేపలకు ఉండే గిరాకీ మీకు చెప్పక్కర్లేదు. ఇంకా నెల రోజుల పైనే ఉంది.

జీపులో కూర్చుని రూలు పుస్తకం తీశాను. అందులో ఉంది. వల కన్ను నిబంధనకు తగ్గట్టు ఉంటే, జప్తు చేసిన అధికారి హెచ్చరించి సామాను విడుదల చెయ్యవచ్చు. జప్తు చేసిన అధికారి అంటే నేనే. నా సంతకం ఒక్కటి చాలు, ఆ సాయంత్రానికే వలలు తాళ్ళపాడు చేరతాయి.

"ఎన్నడిస్తరు సారు?" అని కిటికీ దగ్గరకొచ్చి అడిగింది.

నీళ్ళు నమిలాను. "నా చేతుల్లో లేదమ్మా. పెద్ద సారు సంతకం పెట్టాలి" అన్నాను.

పచ్చి అబద్ధం. విడుదల చేస్తే ఎందుకు చేశావని అడుగుతారు. అడిగితే గీత తప్పని చెప్పాలి. గీత ఎవరు గీశారని అడుగుతారు. సేటు మళ్ళీ ఫోన్ చేస్తాడు. అదే పై నుంచి ఉత్తర్వు వచ్చిందనుకోండి, నా మెడకు ఏదీ చుట్టుకోదు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడికి ఇవే లెక్కలు.

ఫైలు నడిచిన తీరు

నోట్ రాసి పంపాను. 'గీత గీయడంలో పొరపాటు జరిగింది' అని రాశాను. పెద్ద సారు పిలిచాడు.

"పొరపాటేంటయ్యా? శాఖ పొరపాటు చెయ్యదు. పునఃపరిశీలన అని రాయి."

మార్చి పంపాను. రెండోసారి, పునఃపరిశీలన అంటే కమిటీ ఉండాలి కదా అని తిరిగొచ్చింది. మూడోసారి మ్యాప్ జత చెయ్యలేదని. జత చేశాను. అదే మ్యాప్.

మల్ల రాను అన్న మనిషి ప్రతి సోమవారం వచ్చింది. గొడవ చెయ్యలేదు, కాళ్ళు పట్టుకోలేదు. తలుపు దగ్గర నిలబడి, "ఇయ్యాల పెట్టిండా సారు?" అని అడిగేది. "ఇంకా లేదమ్మా" అనేవాణ్ణి. ఒక సోమవారం లింగయ్యను కూడా వెంటబెట్టుకొచ్చింది. ఆయన పై అంతస్తు వైపు చూసి, "గంత పెద్ద సారుకు ఒక్క సంతకం పెట్టెతందుకు చెయ్యి వస్తలేదా? నాదంటె ఒక చెయ్యి వడ్డది" అన్నాడు. నేను కూడా పెద్ద సారును నాలుగు మాటలన్నాను వాళ్ళ ముందు. వాళ్ళ పక్షం ఉన్నట్టు కనపడాలి కదా. ఛీ, ఆ నాలుగు మాటలు తలుచుకుంటే జప్తు కంటే అదే పెద్ద నీచం అనిపిస్తుంది.

మిరుగం వచ్చింది, పోయింది. ఆ రోజు మా ఇంట్లోనూ బొచ్చె చేప పులుసు. సేటు మనుషులే పంపించారు, వద్దనలేదు. తిన్నాను. రుచిగానే ఉంది, అబద్ధమెందుకు. ఆ తర్వాతి సోమవారం సైదమ్మ రాలేదు.

ఉత్తర్వు వచ్చేసరికి జలాశయం నిండింది. 'నీటిమట్టం తగ్గిన కాలంలో రెండు ఏరియాలనూ ఉమ్మడిగా పరిగణించి వంతుల పద్ధతి పాటించవలెను' అని దాని సారాంశం. తాళ్ళపాడు, నర్సమ్మగూడెం వాళ్ళు ముందు నుంచీ చేస్తున్నదే. దాన్ని మా పెద్ద సారు తన కొత్త ప్రయోగమని ఇంకో ట్రైనింగులో గంటసేపు చెప్పొచ్చాడట. ఈసారి శాలువా కప్పారు.

కొత్తగా వచ్చేవాళ్ళకు నా సలహా ఒక్కటే. గీత గీసే ముందు మే నెలలో వెళ్ళి ఆ నీళ్ళు చూడండి, వాటి మీద బతికేవాళ్ళను అడగండి. అయినా తప్పు చేస్తారు. చేసినప్పుడు, దాన్ని సరిదిద్దే అధికారం మీ జేబులోనే ఉంటే, పై వాళ్ళను అడగకండి. అడగడం వినయం కాదు, పిరికితనం. వినయం వేషంలో వస్తుంది కాబట్టి మనకు గౌరవంగా కనపడుతుంది.

మిల్లు గేటు దగ్గర

వలలు తీయిద్దామని స్టోరు రూము తెరిపించాను. ఎలుకలు కొరికేశాయి. ఎక్కడ పట్టుకుని లేపినా తల దూరేంత కంతలు. తెప్ప ఆఫీసు వెనక ఎండకు పొడిపొడి అయిపోయింది. అయినా ఆ వలలూ, తిరిగి ఖరారు చేసిన లైసెన్సూ జీపులో వేసుకుని తాళ్ళపాడు వెళ్ళాను. ఇంటికి తాళం. మిర్యాలగూడలో రైసు మిల్లు పనికి పోయారని పక్కింటివాళ్ళు చెప్పారు.

మా ఊళ్ళోనే, మా ఇంటికి నాలుగు వీధుల అవతల మిల్లు. లింగయ్య గేటు దగ్గర కుర్చీలో కూర్చుని లారీలు వస్తే గొలుసు తీస్తున్నాడు. సైదమ్మ లోపల కళ్ళం మీద ఆరబోసిన వడ్లు కాళ్ళతో తిరగేస్తోంది. నన్ను చూసి గేటు దగ్గరికి వచ్చింది. వల విప్పి, కంతల్లో వేళ్ళు పెట్టి చూసింది. లైసెన్సు చేతికిస్తే తీసుకుంది.

"అయితే పెట్టిండన్నమాట పెద్ద సారు" అంది. "ఎన్నడు పెట్టిండు?"

ఊ అంటే సరిపోయేది. జీపు ఎక్కి ఇంటికి పోయేవాణ్ణి. ఎందుకో ఆ రోజు నోటికి అబద్ధం రాలేదు.

"ఆయన సంతకం అక్కర్లేదు సైదమ్మా. నాది చాలు. నువ్వు వల నా చేతుల్లో పెట్టిన రోజే ఇచ్చి ఉండొచ్చు."

ఆమె నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. కాలికి అంటిన వడ్లు దులుపుకుంది. గేటు దగ్గరి నుంచి లింగయ్య కేకేశాడు.

"ఏమంటున్నడే సారు?"

"ఏం లేదు" అంది సైదమ్మ. "ఇన్నొద్దులు ఆ పెద్ద సారును వట్టిగనే తిట్టినమంట. తిట్టాల్సింది ఈ సారునంట."